అశోకవర్ధనుని పాకశాల

ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగుననియు, అంతఃకరణశుద్ధి వలన స్మృతి ధ్రువమగుననియు ఛాందోగ్యోపనిషత్తు బోధించుచున్నది. భగవద్రామానుజులు శ్రీభాష్యమున భక్తికి సాధనములైన ఏడింటిని వాక్యకారుని మతానుసారముగ వివరించుచు, వానిలో మొదటిదిగా వివేకమును పేర్కొనిరి. అచ్చట వివేకమనగా జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము అను మూడు దోషములును లేని అన్నముచే దేహమును శుద్ధముగ నుంచుకొనుట. తిరుమల పోటులో స్వామివారి ఆరగింపునకు వంట చేయువారి మడియైనను, శ్రీవైష్ణవ గృహమున తళిగ వండు ఇల్లాలి మడియైనను ఈ వివేకమును ఆశ్రయించినదే.

అయితే ఏది తినవచ్చును, ఏది తినరాదు అను విచారము ఒక్క ఇంటి వంటయింటికే పరిమితమైనది కాదు. రెండువేల రెండువందల యేండ్లకు పూర్వము భారతభూమిలో అధికభాగమును ఏలిన యొక సార్వభౌముడు ఈ విచారమును తన పాకశాల నుండియే ఆరంభించి, దానిని శిలలపై చెక్కించి, జనుల యెదుట నిలిపెను. శ్రీవిష్ణుపురాణము చతుర్థాంశమున మౌర్యవంశవర్ణనలో అశోకవర్ధనుడని పేర్కొనబడిన రాజు ఇతడే. లోకము ఇతనిని అశోకచక్రవర్తి యని పిలుచును. శాసనములందు ఇతడు దేవానాంప్రియుడని, ప్రియదర్శియని వ్యవహరింపబడెను. దేవతలకు ఇష్టుడను అర్థము గల ఆ గౌరవబిరుదమునకు తరువాతి వైయాకరణులు మూఢుడను అర్థమును చెప్పిరి. వైదికులకును బౌద్ధులకును నడచిన వాదముల వేడియే అందులకు కారణమని పలువురు పండితులందురు. ఆ వేడి చల్లారిన యీ కాలమున ఇతని చరితమును పక్షపాతము లేక పరిశీలించుట యుక్తము.

అశోకుడు చంద్రగుప్తమౌర్యునకు మనుమడు, బిందుసారునకు కుమారుడు. యౌవనమున ఇతడు ఉజ్జయినిలో రాజప్రతినిధిగా నుండెననియు, విదిశానగరమున ఒక శ్రేష్ఠి కుమార్తెయైన దేవి అను నామెను చేపట్టెననియు, మహేంద్రుడును సంఘమిత్రయు ఆమె బిడ్డలనియు సింహళదేశపు బౌద్ధగ్రంథములు చెప్పుచున్నవి. తండ్రి గతించిన కొంతకాలమునకు, సుమారు క్రీ.పూ. 268లో, ఇతడు పాటలీపుత్రమున పట్టాభిషిక్తుడయ్యెను.

ఆనాటి రాజగృహము రాజోచితమైన భోగములతో నడచుచుండెను. తాతయగు చంద్రగుప్తుడు ఆయుధపాణులైన స్త్రీలు చుట్టును కొలిచిరాగా వేటకు వెడలుచుండెనని గ్రీకు రాయబారి మెగస్తనీసు వ్రాతల వలన తెలియుచున్నది. రాజులు వేటకును వినోదమునకును సాగించు ప్రయాణములకు విహారయాత్రలని పేరు. సమాజములను పేర జనులు గుంపులుగ చేరి ఉత్సవములు జరుపుకొనుటయు కలదు. రాజు పాకశాలలో సూపముకొరకు, అనగా భోజనములోని కూరకొరకు, ప్రతిదినము అనేక శతసహస్రముల ప్రాణులు వధింపబడుచుండెడివని అశోకుడే తన శాసనమున ఒప్పుకొనెను. అది రాజొక్కని పళ్ళెరమునకు కాదు. పరివారమునకును, ఆశ్రితులకును, వచ్చిపోవువారికిని రాజగృహమే అన్నము పెట్టెడి కాలమది. అయినను ఆ సంఖ్యను దాచక చెప్పుకొన్న రాజు ఇతనికి ముందు కానరాడు.

అంతకుముందు దేశమున ప్రాణిరక్షణకు విధులే లేవని తలంపరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సూనాధ్యక్షుడను అధికారి కలడు. మాంసవిక్రయమును అదుపులో నుంచుటయు, అభయమీయబడిన మృగపక్షిమత్స్యములను కాపాడుటయు అతని పని. దూడను, ఆబోతును, పాడియావును చంపరాదు; చంపినవానికి 50 పణములు దండనము. కొత్తగా జయించిన దేశమున రాజు చాతుర్మాస్యములందు పక్షము దినములును, పూర్ణిమలందు నాలుగు రాత్రులును జీవవధను మాన్పింపవలెనని ఆ శాస్త్రమే విధించినది. ఒకవైపు శ్రౌతయాగములందు పశ్వాలంభనము విహితమై యుండెను. మరియొకవైపు జైనబౌద్ధశ్రమణులు దానిని నిరసించుచుండిరి. ఇట్టి సంధికాలమున అశోకుడు సింహాసనమెక్కెను.

పట్టాభిషేకమైన ఎనిమిది సంవత్సరములకు, సుమారు క్రీ.పూ. 260లో, అశోకుడు కళింగదేశముపై దండెత్తి జయించెను. ఆ యుద్ధమున 1,50,000 మంది చెరపట్టబడిరి. 1,00,000 మంది హతులైరి. అంతకు పెక్కురెట్లు జనులు తరువాత మరణించిరి. ఈ లెక్క శత్రువులు వ్రాసినది కాదు, కవులు కల్పించినది కాదు. జయించినవాడే పశ్చాత్తాపముతో పదుమూడవ శిలాశాసనమున చెక్కించినది. కళింగమున బ్రాహ్మణులు, శ్రమణులు, తల్లిదండ్రులను గురువులను సేవించు గృహస్థులు ఎందరో యుండిరనియు, అట్టివారికి బంధుమిత్రవియోగము కలిగించుట తనకు మిక్కిలి దుఃఖకరమనియు అతడు తెలిపెను. ఆ శాసనముననే అతని ధర్మానుశాసనమును అనుసరించు జనులలో ఆంధ్రుల పేరును కలదు. కళింగజనులకు కనబడునట్లు ధౌలియందును జౌగఢయందును చెక్కించిన శాసనములలో మాత్రము ఈ పదుమూడవది లేదు. గాయపడిన ప్రజల కన్నులయెదుట ఆ గాయపు లెక్కను నిలుపుట అతనికి రుచింపలేదు కాబోలు.

యుద్ధమైన మరునాడే అశోకుడు మారిపోయెనని కథలు చెప్పుదురు. అతని శాసనములు అట్లు చెప్పుటలేదు. తాను ఉపాసకుడనై రెండున్నర సంవత్సరములు దాటినదనియు, అందు మొదటి సంవత్సరము తగినంత పూనిక చూపలేదనియు, సంఘమును సమీపించిన తరువాతనే గట్టిగా పూనుకొంటిననియు అతడు లఘుశిలాశాసనమున తెలిపెను. మనస్సు మరలుటకు కాలము పట్టును. ఆ సంగతిని చక్రవర్తి దాచలేదు.

పట్టాభిషేకమైన పది సంవత్సరములకు అతడు బుద్ధుడు జ్ఞానము పొందిన సంబోధికి, అనగా నేటి బోధగయకు, యాత్ర చేసెను. నాటినుండి రాజుల విహారయాత్రలకు మారుగా ధర్మయాత్రలు మొదలయ్యెను. అడవిలో మృగములను తరుముటకు మారుగా బ్రాహ్మణశ్రమణులను దర్శించుట, వృద్ధులకు ధనమిచ్చుట, పల్లెజనులను కలిసికొని ధర్మమును గూర్చి ముచ్చటించుట ఆ యాత్రలందలి కార్యములు. వేటవలన కలుగు సంతోషముకంటె ఈ సంతోషమే గొప్పదని అతడు కనుగొనెను. యాత్రాఫలమెరిగిన భక్తులకు ఈ మాట క్రొత్తది కాదు.

ఇట్లు వేట మానిన రాజు తరువాత తన వంటయింటివైపు చూపు మరల్చెను. పట్టాభిషేకమైన పండ్రెండు పదుమూడు సంవత్సరముల కాలమున చెక్కించిన చతుర్దశ శిలాశాసనములలో మొట్టమొదటిది పాకశాలను గూర్చినదే. ధర్మమును బోధింపబూనిన చక్రవర్తి పరుల తప్పులతో గాక తన యింటి పొయ్యితో మొదలుపెట్టెను. ఆ శాసనము మూడు విషయములను చెప్పుచున్నది. ఇచ్చట ఏ ప్రాణిని చంపియు హోమము చేయరాదనునది మొదటిది. దోషములకు తావిచ్చు సమాజములను జరుపరాదు, అయితే మంచి సమాజములును కొన్ని కలవనునది రెండవది. పూర్వము అనేక శతసహస్రములుగ వధింపబడిన ప్రాణులలో ఇప్పుడు మూడు మాత్రమే వధింపబడుచున్నవనునది మూడవది. ఆ మూడు ఏవి యనగా రెండు నెమళ్ళు, ఒక లేడి. ఆ లేడియు ప్రతిదినము కాదు. ఈ మూడును ఇకముందు చంపబడవని శాసనము ముగియుచున్నది.

ఈ చిన్న శాసనమున సత్యసంధత ఎంత కలదో భావింపవలెను. చక్రవర్తి తలంచినచో పూర్ణముగ మానితినని చెప్పుకొనవచ్చును. లేదా పూర్ణముగ మానిన పిమ్మటనే శాసనము చెక్కింపవచ్చును. అతడు రెండును చేయలేదు. ఇంకను మూడు మిగిలియున్నవని, వానిని పేరుపేరున చెప్పి, అవియు పోవునని మాట యిచ్చెను. వ్రతము పట్టినవాడు తనలో మిగిలిన లోపమును దాచినచో ఆ లోపము పెరుగును. పదిమంది యెదుట చెప్పినచో అది తరుగును. ఆ నెమళ్ళ సంగతి దేశమంతటను శిలాక్షరములై నిలిచినది.

మన తెలుగునాటను అది నిలిచియున్నది. కర్నూలు జిల్లాలో గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి కొండబండలపై ఈ చతుర్దశ శాసనములును, లఘుశాసనములును బ్రాహ్మీలిపిలో ప్రాకృతభాషలో చెక్కబడియున్నవి. తల్లిదండ్రులను సేవింపవలెను, ప్రాణులయెడ దయ స్థిరముగ నుండవలెను, సత్యము పలుకవలెను అని అచ్చటి లఘుశాసనము ఉపదేశించుచున్నది. తల్లిదండ్రుల సేవను, భూతదయను, సత్యమును ఒకేచోట చేర్చిన ఆ బోధ ఉపనిషత్తుల అనుశాసనమెరిగినవారికి పరిచితమైనదిగనే తోచును.

ఇక సామ్రాజ్యపు వాయవ్యదిశను, నేటి ఆఫ్ఘనిస్థానమునందలి కాందహారువద్ద, 1958లో ఒక శాసనము బయల్పడినది. అది గ్రీకుభాషలోను అరమాయికుభాషలోను ఉన్నది. రాజు ప్రాణిహింస మానెననియు, అతనిని చూచి ఇతరులును మానిరనియు, రాజుగారి వేటగాండ్రును జాలరులును తమ వేటను విడిచిరనియు అందు కలదు. రాజు భోజనమునకు బహుస్వల్పముగనే వధ జరుగుచున్నదని అరమాయికుపాఠము తెలుపుచున్నది. గుత్తిదగ్గర పొలము దున్నుకొను కాపునకును, కాందహారు బాటలో సాగు గ్రీకు వర్తకునకును చక్రవర్తి వంటయింటి వార్త ఒక్కటే రీతిగ అందినది.

ఇచ్చట ఒక సందేహము కలుగును. బుద్ధమతమును స్వీకరించినాడు గనుక అశోకుడు మాంసమును విడిచెనని పలువురనుకొందురు. కాని బుద్ధుని కాలమున బౌద్ధభిక్షువులకు మాంసము సర్వథా నిషిద్ధము కాదు. భిక్షాపాత్రలో పడినదానిని రుచి యెంచక స్వీకరించుట వారి నియమము. తనకొరకై చంపుట తాను చూడక, వినక, శంకింపక యున్నచో ఆ మాంసము మూడు విధముల శుద్ధమని పాలిగ్రంథములు చెప్పుచున్నవి. రాజవైద్యుడగు జీవకుడు ఈ విషయమును బుద్ధునే అడిగి తెలిసికొనినట్లు మజ్ఝిమనికాయమున కలదు. భిక్షువులందరును మత్స్యమాంసములను జీవితాంతము వర్జింపవలెనని దేవదత్తుడు కోరగా బుద్ధుడు దానిని విధిగ చేయుటకు అంగీకరింపలేదు. అట్లని ప్రాణివధను అతడు ఒప్పుకొనలేదు. ప్రాణిని చంపకుండుట పంచశీలములలో మొదటిది. ఉపాసకుడు చేయరాని ఐదు వ్యాపారములలో మాంసవిక్రయమొకటి. కావున ఆనాటి బౌద్ధమున దోషము చంపుటయందును, చంపించుటయందును, తనకై చంపిరని ఎరిగియు తినుటయందును ఉంచబడినది.

మన ధర్మశాస్త్రములు ఈ విషయమును వేరొక త్రోవను విచారించినవి. మనుస్మృతి పంచమాధ్యాయమున యజ్ఞార్థమైన మాంసమునకు అనుజ్ఞ కలదు. మాంసమును మానుట మహాఫలప్రదమను వచనమును అచ్చటనే కలదు. మరియు అనుమతించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, వీరందరును ఘాతకులేయని మనువు లెక్కించెను. మహాభారతము అనుశాసనపర్వమున భీష్మాచార్యులు ధర్మరాజునకు ఈ భావమునే బోధించెను. కొనువాడు ధనముచేతను, తినువాడు భోగముచేతను, చంపువాడు వధబంధములచేతను హింసించుచున్నారని ఆ బోధకు తాత్పర్యము. చూడలేదు, వినలేదు అని చెప్పినంతమాత్రమున తినువానికి ఇందు విముక్తి లేదు. ఇట్లు బౌద్ధనియమము భోక్త యొక్క ఎరుకను చూచినది. స్మృతులు పళ్ళెరమువరకు వచ్చిన కర్మపరంపరను చూచినవి.

యజ్ఞమున పశువును గూర్చియు మన గ్రంథములందే గొప్ప విచారము జరిగినది. శాంతిపర్వమున నారాయణీయోపాఖ్యానమున ఉపరిచరవసువు కథ ఇందులకు ప్రమాణము. నారాయణభక్తుడగు ఆ రాజు పశువధ లేక, ఆరణ్యకములైన ద్రవ్యములతో అశ్వమేధము జరిపెను. శ్రీహరి అదృశ్యుడై వచ్చి తన భాగమును స్వయముగ గ్రహించెను. తరువాత అజశబ్దమునకు మేకయని దేవతలును, ధాన్యబీజమని ఋషులును వాదించిరి. తీర్పు చెప్పవలసివచ్చినపుడు వసువు దేవతలపై పక్షపాతముచే మేకయనెను. తత్క్షణమే ఆకాశగమనమును కోల్పోయి భూవివరమున పడెను. అచ్చటను హరిని విడువక భజింపగా గరుత్మంతుడు వచ్చి అతనిని పైకెత్తెను. అహింసామార్గము వెలుపలినుండి వచ్చి మనపై పడినది కాదనియు, భాగవతధర్మపు గర్భముననే ఉన్నదనియు ఈ కథ వలన తెలియుచున్నది.

ఇట్టి వాదముల నడుమ అశోకుడేమి చేసెను? తాను బౌద్ధోపాసకుడయ్యును, ఏ మతము గొప్పదని తీర్పు చెప్పలేదు. బ్రాహ్మణులకును శ్రమణులకును దానమీయవలెనని పెక్కు శాసనములందు చెప్పెను. పట్టాభిషేకమైన పండ్రెండవ యేట బరాబరు కొండలలో గుహలను ఆజీవకులకు దానమిచ్చెను. తన మతమును పొగడి పరమతమును తెగడుట తన మతమునకే కీడు గనుక వాక్కును నిగ్రహింపవలెనని పండ్రెండవ శిలాశాసనమున బోధించెను. రెండవ శాసనమున మనుష్యులకును పశువులకును చికిత్సలు ఏర్పరచి, ఔషధులను తెప్పించి నాటించి, బాటలవెంట నూతులు త్రవ్వించి చెట్లు పెట్టించినట్లు చెప్పెను. చంపకుండుట మాత్రమే చాలదు, బ్రదికించుటయు వలయునని అతని యెంచిక.

పట్టాభిషేకమైన ఇరువదియాఱు సంవత్సరములకు అతడు చెక్కించిన ఐదవ స్తంభశాసనము ప్రాణిరక్షణకు ప్రత్యేకమైనది. చిలుకలు, గోరువంకలు, చక్రవాకములు, హంసలు, గబ్బిలములు, ఎముకలు లేని చేపలు, తాబేళ్ళు, తెల్లపావురములు, ఊరపావురములు మొదలుగ వధింపరాని ప్రాణుల పట్టిక అందు కలదు. మనుష్యుల వాడుకకు రాక, తినబడక యుండు చతుష్పాదజంతువులన్నియు అందు చేరినవి. చూలుతోనున్నవియు పాలిచ్చుచున్నవియు అగు మేకలను, గొఱ్ఱెలను, పందులను చంపరాదు. ఆఱు మాసములు నిండని వాని పిల్లలను చంపరాదు. జీవులున్న పొట్టును కాల్చరాదు. నిష్కారణముగగాని, ప్రాణులను చంపుటకుగాని అడవికి నిప్పు పెట్టరాదు. ఒక ప్రాణిని మరియొక ప్రాణికి మేపరాదు.

మరియు మూడు చాతుర్మాసీ పూర్ణిమలందును, తిష్య, అనగా పుష్యమీ, పూర్ణిమయందును, చతుర్దశి, పూర్ణిమ, పాడ్యమి అను మూడు దినములును, ఉపవాసదినములందును చేపలను పట్టరాదు, అమ్మరాదు. ఆ దినములందు ఏనుగుల వనములలోను, జాలరుల మడుగులలోను ఇతరప్రాణులను సైతము చంపరాదు. అష్టమి, చతుర్దశి, పంచదశి తిథులలోను, పుష్యమీ పునర్వసూ నక్షత్రములందును ఎడ్లకు మేకపోతులకు వృషణచ్ఛేదము చేయరాదు. చాతుర్మాస్యదీక్షను పాటించు వైష్ణవులకును, పర్వదినములందు ఉపవసించు గృహస్థులకును ఈ దినముల లెక్క పరాయిదిగ కనబడదు. బౌద్ధుడైన చక్రవర్తి దేశమందలి వ్రతదినములనే ఆధారముగ గొని, నోరులేని జీవులకు వానిని విశ్రాంతిదినములుగ చేసెను.

ఈ శాసనము మాంసాహారమును సంపూర్ణముగ నిషేధింపలేదని గ్రహింపవలెను. జనులు వాడుకగ తినెడి జంతువులను పూర్తిగ ఆపక, తల్లిని, పిల్లను, నిష్ప్రయోజనవధను, క్రౌర్యమును మాత్రము ఆపినది. ప్రభుత్వాధికారము కలవాడు ఒక్క ఆజ్ఞతో అన్నిటిని మాన్పింపవచ్చును గదా, ఏల అట్లు చేయలేదని కొందరికి తోచవచ్చును. దానికి సమాధానము మరుసటి సంవత్సరమున అతడు చెక్కించిన ఏడవ స్తంభశాసనమున లభించును. అది నేడు ఢిల్లీలో ఫిరోజిషా కోట్లాయందు నిలిచియున్న తోప్రా స్తంభముపై మాత్రమే కలదు.

ఆ శాసనమున అశోకుడు తన ధర్మప్రచారఫలమును తానే తూచి చూచెను. జనులలో ధర్మము రెండు విధములుగ పెరిగినదట. ఒకటి నియమముచేత; రెండవది నిఝతిచేత. నిఝతియను ప్రాకృతశబ్దము ధ్యానార్థకమగు ధాతువునుండి పుట్టినది. లోతుగ తలపోయుట, తలపోయునట్లు నచ్చచెప్పుట అని దానికర్థము. ఈ రెండింటిలో నియమము స్వల్పమైనది, నిఝతియే అధికమైనది అని అతడు నిశ్చయించెను. నియమమునకు ఉదాహరణముగ తాను విధించిన ప్రాణివధనిషేధమునే చూపెను. అనగా తన పట్టికను, తన దినముల లెక్కను అతడు తక్కువ తక్కెడలో పెట్టెను. ప్రాణుల నహింసించుట మనుష్యులు తమలో తాము విచారించుకొని కైకొన్నపుడే పెరుగునని గ్రహించెను. ఇరువదియేడు సంవత్సరములు రాజ్యమేలినవాడు, అవధులు లేని దండశక్తి చేతనున్నవాడు, దండముకంటె హృదయవిచారమే గొప్పదని చెప్పుట సామాన్యము కాదు.

అతని తరువాతి కాలమున ఉభయసంప్రదాయములును తమ తమ త్రోవల సాగినవి. లంకావతారసూత్రము మొదలగు మహాయానగ్రంథములు మాంసభక్షణమును తీవ్రముగ నిషేధించినవి. చీనాదేశపు భిక్షువులు శాకాహారులైరి. సింహళము, బర్మా దేశముల భిక్షువులు భిక్షాపాత్రనియమమునే పాటించుచున్నారు. మన దేశమున శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున శ్రాద్ధమునందును మాంసమును కూడదని విధించినది. మధ్వసంప్రదాయమున యాగమునకు పిష్టపశువు, అనగా పిండితో చేసిన పశుప్రతిమ, స్వీకరింపబడినది. జయదేవమహాకవి గీతగోవిందమున బుద్ధుని కేశవుని అవతారముగ కీర్తించి, పశువధను చూచి కరిగిన కారుణ్యమునే ఆ అవతారమునకు గుర్తుగ చెప్పెను. వాదమున విడిపోయినవారు దయయందు కలిసికొనిరి.

అశోకుడు సుమారు క్రీ.పూ. 232లో దేహము చాలించెను. అతని కడపటి దినములను గూర్చి అశోకావదానమను బౌద్ధగ్రంథమున ఒక కథ కలదు. అది చరిత్ర కాకపోవచ్చును, కాని భావింపదగినది. వృద్ధుడై వ్యాధిగ్రస్తుడైన రాజు సర్వమును దానము చేయుచుండగా మంత్రులు కోశమును అడ్డగించిరి. రాజు తాను భుజించు బంగారుపాత్రను దానమిచ్చెను. వెండిది తెచ్చిరి, దానినిచ్చెను. ఇనుపది తెచ్చిరి, దానినిచ్చెను. తుదకు అతని చేతిలో ఒక ఉసిరికాయ సగము మాత్రమే మిగిలెను. జంబూద్వీపమునకు ప్రభువైనవానికి ఆ సగము ఉసిరికపైననే అధికారము. దానిని అతడు కుక్కుటారామమునందలి సంఘమునకు పంపెను. భిక్షువులు దానిని నూరి, తమ యూషములో, అనగా చారులో కలిపి, అందరును పంచుకొనిరి.

లక్షలకొలది ప్రాణులతో మొదలైన పాకశాల చరిత్ర అర్ధామలకముతో ముగిసినది. ఉసిరిక శ్రీహరికి ప్రీతిపాత్రమైన ఫలము. కార్తికమున దాని నీడను భుజించుట పుణ్యమని మనవారు వనమునకేగుదురు. మడితో వండి, స్వామికి ఆరగింపు చేసి, ప్రసాదమును స్వీకరించు గృహస్థులకు అశోకవర్ధనుని చరితము మూడు సంగతులను గుర్తుచేయును. పెద్దలు విధించినారు గనుక మానుట నియమము. ప్రాణి బాధను తలపోసి మానుట దానికంటె పెద్దది. తాను మానినవాడు మానని పొరుగువానిని నిందించినచో అహింస పళ్ళెరమున నిలిచి నాలుకపైనుండి జారిపోవును. తనలో ఇంకను మిగిలియున్న హింసను, అది మాటలోనిదైనను, మనసులోనిదైనను, ఆ రాజు నెమళ్ళను లెక్కించినట్లు ఎప్పటికప్పుడు లెక్కించుకొనవలెను. సర్వభూతములందును అంతర్యామియైయున్న శ్రీమన్నారాయణుడు అట్టివాని ఆరగింపును ప్రీతితో గ్రహించునుగాక.